చదువు మెట్లు
(ప్రసంగ పాఠము)



ప్రథమ్ సంస్థవారి అసర్ సర్వే లెక్క వినుడు. మన రాష్ట్రపు పల్లెలలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018లో నూటికి 22.6 మంది, 2022లో 10.3 మంది మాత్రమే. నడుమ కోవిడ్ వలన బడులు మూతపడిన మాట నిజమే. కాని కారణము చెప్పుకొన్నంతనే బిడ్డకు చదువు రాదు.

దారి మన చెంతనే యున్నది. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాకేంద్రమువారు పాఠములను చిన్న చిన్న మెట్లుగా విభజించి కార్డులపై అచ్చొత్తించిరి. ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతుల పిల్లలకు ఒకచోటనే నేర్పవచ్చును. జ్వరముచేతనో, కోతలచేతనో పది దినములు బడి మానిన బిడ్డ, తాను విడిచిన మెట్టునుండియే మరల సాగును.

కుప్పము, పుంగనూరు సరిహద్దు పల్లెలలో మరియొక చిక్కు గలదు. ఇంట తమిళమో, కన్నడమో, ఉర్దూవో పలుకు బిడ్డకు బడిలో తెలుగు కొత్త. అట్టి బిడ్డను మందమతి యనరాదు. ముందు మాట, పిదప అక్షరము నేర్పవలెను.

ఉపాధ్యాయుని నిందించుటతో మన పని తీరదు. 2009 విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. ఆ సంఘమును నెలనెలా కూర్చుండబెట్టుడు. హాజరు పట్టీ చూడుడు. రాని బిడ్డ యింటికి మీరే వెళ్లుడు. మార్కులెన్ని యని కాక, ఏ బిడ్డ ఏ మెట్టుపై నిలిచిపోయెనో అడుగుడు.

పుంగనూరు ఆవు పొట్టిదైనను చిక్కని పాలిచ్చును. పోషణ యున్నచో మన చిన్న బడియు అట్లే ఫలించును.