మిత్రమండలియు సామ్రాజ్యమును



యుద్ధములు ప్రజల కోపమువలనను, రాజ్యాంగములు ప్రజల కోరికవలనను పుట్టునని మనము బడిలో చదివితిమి. ఒక చిన్న మిత్రమండలి కథ విన్నచో ఆ మాట నంత సులభముగ నమ్మజాలము.

1899లో బోయరు యుద్ధమునకు దారితీసినవారిలో ముఖ్యుడు, దక్షిణాఫ్రికాయందు హైకమిషనరుగ నుండిన ఆల్ఫ్రెడ్ మిల్నరు. ఆయన ఆక్స్‌ఫర్డులో చదివిన పడుచువాండ్రను కొందరిని తన కొలువున చేర్చుకొనెను. లోకులు వారిని ‘మిల్నరు శిశుపాఠశాల’ యని పరిహసించిరి. ఆ శిశువులే 1910లో ‘రౌండ్ టేబిల్’ అను త్రైమాసపత్రికను స్థాపించిరి. 1916 డిసెంబరులో లాయిడ్ జార్జి ప్రధాని కాగా, మిల్నరు యుద్ధమంత్రివర్గమున కూర్చుండెను. ఫిలిప్ కెర్ ప్రధానికి ఆంతరంగిక కార్యదర్శి యయ్యెను. వీరిరువురిని ఏ యోటరును ఎన్నుకొనలేదు.

ఆ సంవత్సరమే యా మండలివాడగు లయొనెల్ కర్టిసు మన దేశమునకు వచ్చెను. ఆయన మిత్రునికి వ్రాసిన స్వంత జాబొకటి బయటపడి పత్రికల కెక్కి గగ్గోలైనది. పొరపాటున దొరకిన జాబది, దొరకని వెన్నియో! వారి చర్చలలో రూపుదాల్చిన ద్వంద్వప్రభుత్వపద్ధతియే 1919 శాసనమున చేరినది.

దీనిని మేము కుట్ర యనము. కలసి చదివినవారు, కలసి భుజించినవారు ఒండొరులను నమ్మిరి. తాము పాలించువారిని మాత్రము నమ్మలేదు. 1920 ఎన్నికల పిమ్మట చెన్నపట్టణమున మంత్రులకు విద్య, ఆబ్కారి దక్కెను. కోశాగారము, పోలీసు గవర్నరు కార్యనిర్వాహకసభ చేతనే యుండెను. మంత్రి బడి పెట్టదలచినచో పైకమున కచ్చటికే పోవలసివచ్చెను.