పెద్దోళ్ల గొంతు, మన కంప్యూటర్



సకిని రామచంద్రయ్య తాత మీకు తెలుసు. మణుగూరు వైపు కోయ కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథను, మన వీరుల కథల్ని డోలు మీద పాడేవారు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో కన్నుమూశారు. పద్మశ్రీ రాని అట్లాంటి గొంతులు మన గూడేల్లో ఇంకా ఉన్నయి. ఎవరో వచ్చి రికార్డు చేసుకుపోయేదాకా చూస్తూ కూర్చుందామా?

స్టూడియో అక్కర్లేదు. ఇంట్లో పాత కంప్యూటర్, ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్, ఆడాసిటీ ఉంటే చాలు. ఆడాసిటీ ఉచితం, 2000 నుంచి ఉంది. సిమెంటు స్లాబు గదిలో మాత్రం రికార్డు చేయకండి. గొంతు గోడలకు తగిలి తిరిగొస్తది. పూరి గుడిసె నయం. పక్కా ఇల్లు రాలేదని తిరుగుతున్నోళ్లకు ఈ ఒక్క లాభమన్నా దొరికింది!

ముందు డోలు గట్టిగా కొట్టించి మీటరు చూడండి. పెద్ద దెబ్బ కూడా మైనస్ 12కు, మైనస్ 6కు మధ్యే ఆగాలి. సున్నాను తాకితే శబ్దం పగులుతది. పగిలినదాన్ని ఏ ఎడిటింగూ సరిగ్గా అతకలేదు. పాటకు ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఉత్తగానే రికార్డు కానివ్వండి. ఫ్యాను మోత, పురుగుల రొద తగ్గించడానికి ఆ ముక్కే నమూనా అవుతది. తగ్గించేది కూడా కొంచెమే. ఎక్కువ చేస్తే తాత నీళ్లలో మునిగి పాడినట్టుంటది, డోలు మోత చివర సాగే గుంయ్ అనేది పోతది.

నాకు అసలు కోపం కత్తెర మీద. కథ చెప్పే తాత ఆగుతాడు, దగ్గుతాడు, పక్కనున్న అవ్వ మర్చిపోయిన పేరు అందిస్తది. మనోళ్లు అదంతా కోసేసి, కింద కీబోర్డు బీటు వేసి, మూడు నిమిషాల పాట చేస్తున్నరు. అవ్వ అందించిన ఆ పేరే రేపు ఒక వంశం చరిత్రకు ఆధారం కావచ్చు. ఎడిట్ చేయండి, వద్దనను. కానీ కాపీ మీద చేయండి. అసలు ఫైలు వేవ్‌గా అట్లనే ఉండాలి. మామూలు నాణ్యతలో మోనో అయితే నిమిషానికి 5 ఎంబీ, గంటకు 300. ముప్పైరెండు జీబీ పెన్‌డ్రైవ్‌లో దాదాపు వంద గంటలు పడుతది. రెండు చోట్ల దాచండి. ఎంపీ3 పంచుకోవడానికే. వాట్సాప్‌లో తిరిగొచ్చినదాన్ని అసలు అనుకోవద్దు.

ఇంకో మాట. మైకు పెట్టే ముందు అడగండి. ఎందుకు రికార్డు చేస్తున్నమో, ఎక్కడ పెడతమో చెప్పి, ఆ ఒప్పుకోలును వాళ్ల భాషలోనే రికార్డు చేయండి. ఇలవేల్పుల కొలుపులో తప్ప బయట పాడకూడదని పెద్దలు అంటే మైకు ఆపేయాలి, అంతే. అప్‌లోడ్ చేసినోడిదే పాట అనుకునేవాళ్లకు గుర్తు చేయండి: 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 38 పాడినోళ్లకు కూడా హక్కు ఇచ్చింది. అది 50 ఏళ్లు ఉంటది.

ఫైలుకు ‘న్యూ రికార్డింగ్ 7’ అని పేరు ఉంచకండి. పాడినవారి పేరు, ఊరు, గట్టు, తేదీ రాయండి. ఆడాసిటీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు నాలుగు తెచ్చిన. సభ అయినంక వచ్చి ఎక్కించుకోండి.