బావి దగ్గర వదిలేసిన కుండ

ఆరాధన అనగానే మనకు ఆదివారం గుర్తొస్తుంది: కీబోర్డు, డోలక్, చప్పట్లు, మైకు. కానీ ఆరాధన గురించి యేసు చెప్పిన ముఖ్యమైన మాట గుడిలో చెప్పింది కాదు. మిట్టమధ్యాహ్నం, సమరయలోని సుఖారు ఊరి బావి దగ్గర, నీళ్లకొచ్చిన ఒక స్త్రీతో అన్నది. యోహాను సువార్త 4వ అధ్యాయంలో ఉంది.

ఆమె ఎత్తింది ఎక్కడ ఆరాధించాలన్న పాత తగాదా. సమరయులకు గెరిజీము కొండ, యూదులకు యెరూషలేము. గెరిజీము గుడిని యూదుల పాలకుడు యోహాను హుర్కాను కూల్చి అప్పటికి నూరేళ్లు దాటింది. పుండు మాత్రం మానలేదు. యేసు ఈ కొండా కాదు, ఆ పట్టణమూ కాదన్నాడు. ఆరాధనకు ఆత్మ, సత్యం కావాలన్నాడు.

సత్యమంటే సిద్ధాంతం ఒక్కటే కాదని నాకనిపిస్తుంది. ఆ మాటకు ముందే ఆమె ఐదుగురు భర్తల సంగతి బయటపడింది. దాచుకోవడానికి ఇక ఏమీ లేదు. గ్రీకు మూలంలో ఆరాధనకు వాడిన క్రియకు సాగిలపడడం అని అర్థం. ముసుగుతో సాగిలపడడం కుదరదు కదా!

ఆ తర్వాత ఆమె కుండ అక్కడే వదిలేసి, ఊళ్లోకి వెళ్లి జనాన్ని పిలుచుకొచ్చింది. వచ్చింది నీళ్లకే!