ముందు ఆకు, పిమ్మట పురుగు

పట్టు అనగానే మనకు మల్బరీ తోట జ్ఞప్తికి వచ్చును. కాని భూపాలపల్లి జిల్లాలో, గోదావరి యొడ్డునగల మహదేవపూర్ అడవులలో పెరుగు పట్టుపురుగు మల్బరీ ఆకును ముట్టదు. దానికి మద్దిచెట్టే ఇల్లు, మద్దియాకే అన్నము. ఆ పట్టునే దసలిపట్టు అందురు. 2016లో జిల్లాలు విడిపడుటకు ముందు మహదేవపూర్ కరీంనగరములోను, జనగామ, మహబూబాబాదులు వరంగల్లులోను ఉండెడివి. జిల్లాల గీతలు మారినవి గాని పురుగు ఆహారము మారలేదు.

మల్బరీ పురుగు ఇంటినీడన తట్టలలో పెరుగును. దసలిపురుగు వానలో, ఎండలో కొమ్మమీదనే పెరుగును. కనుక దానిని పెంచువాడు రైతేకాదు, కావలివాడు కూడ. పక్షులు, కందిరీగలు, చీమలు దాని పొంచియుండు శత్రువులు.

వేసవి యంతయు గూటిలో నిద్రించిన జీవి, తొలకరి జల్లులతో రెక్కలు తొడిగికొని వెలువడి గుడ్లు పెట్టును. దానితో మొదటి పంట ఆరంభము. వానలు తగ్గుముఖము పట్టునపుడు రెండవది, శీతకాలమున మూడవది. వానకాలమున ఇంచుమించు నెలదినములలో గూడుకట్టు పురుగు, చలిలో మరికొన్ని వారములు తినుచునే యుండును. అప్పటికి మద్దియాకు ముదిరియుండును. నాలుగు జ్వరములు దాటిన పిమ్మట తినునదే మొత్తము మేతలో అత్యధిక భాగము. చెట్లను లెక్కింపక గుడ్లు తెచ్చినవాని కష్టము ఈ కడపటి దినములలోనే బయటపడును. నెలకుపైగా కాచిన కావలి, గూడు కట్టవలసిన వారమున వ్యర్థమగును.

అప్పుడు వేరొక ఆకు పనికిరాదా? వచ్చును. రేగు, నేరేడు, చెన్నంగి ఆకులను కూడ ఈ పురుగు తినును. కాని మద్దిపై కట్టిన గూటికి అవి సాటిరావు. అవి ఆపద గడుపుకొనుటకే గాని పంటకు ఆధారములు కావు. పురుగును చెట్టు మార్చవలసివచ్చినచో చేతితో పెరికి తీయరాదు. అది పట్టుకొనియున్న రెమ్మను కత్తిరించి, రెమ్మతోడనే క్రొత్త కొమ్మకు చేర్చవలయును. మహబూబాబాద్ జిల్లా గూడూరు వైపు అడవులలోను మద్దిచెట్లున్నవి. కాని చెట్టుండుట ఒకటి, పురుగుకు చాలునంత లేతాకు ఉండుట మరియొకటి.

అడవిలేని జనగామ మెట్టపొలములకు మరియొక పురుగు కలదు. అది ఆముదపు ఆకు తిను ఈరిపురుగు. ఏరండమను సంస్కృత శబ్దముతో దాని పేరునకు చుట్టరికము కలదు. దీనిని ఇంటిలోనే పెంచవచ్చును. దీని గూటికి ఒకప్రక్క ద్వారముండును. రెక్కలపురుగు ఆ దారిని వెడలిపోయిన పిమ్మట, మిగిలిన గూటిని దూదివలె వడుకుదురు. జీవహింసకు వెనుదీయువారికి ఇది అనుకూలము. వానకాలమున విత్తిన ఆముదము పచ్చగానున్నంతకాలము మేతకు లోటులేదు. అయితే ఆకు మితిమీరి కోసినచో గింజ తగ్గును. ఎండలు ముదిరి ఆకు వాడినపుడు కర్రపెండలము, బొప్పాయి ఆకులు కొంతవరకు ఆదుకొనును. కాని ఆముదముతో అవి సరితూగవు. పైగా ఆ వేడిమిని పురుగే ఓర్వజాలదు. వేసవిలో పెంపకమునకు విరామమిచ్చుట నష్టము కాదు, వివేకము.

శ్రోతలారా! గుడ్లు తెచ్చుటకు ముందు ఒకసారి చెట్లనడుమ తిరిగిరండు. నేటి ఆకును గాక, నెలదినముల పిమ్మట మిగులు ఆకును ఊహించి చూడుడు. దానికి తగినన్ని గుడ్లే తెచ్చుకొనుడు. కొద్దిపురుగులు కడుపునిండ తిని కట్టిన గూళ్లే, ఆకలిగొన్న పెక్కుపురుగుల గూళ్లకన్న ఇంటికి లాభము తెచ్చును.