ఉక్కపోత – మట్టికుండ



రోహిణీకార్తె యెండకు రోళ్లు పగులునని పెద్దల మాట. కాని సముద్రతీరవాసులమగు మనకు ఎండకంటె ఉక్కయే ప్రబలశత్రువు. కారణమును మీ యింటి మట్టికుండయే చెప్పును. కుండ చెమర్చి, ఆ చెమ్మ గాలికి ఆరిపోవుటచేతనే లోని నీరు చల్లబడుచున్నది. మన దేహమును అట్టిదే; చెమట ఆరిననే తాపము తగ్గును. పొడిగాలి వీచు రాయలసీమలో వట్టివేళ్ల తడికలు గదిని చల్లబరచును. కృష్ణా గోదావరీ డెల్టాలందన్ననో, గాలి ముందే తేమతో నిండియుండుటచే చెమట ఆరదు. తడికలు ఉక్కను హెచ్చించును. ఇచట కిటికీలు తెరచి విసరుకొనుటయే మేలు.

వృద్ధులకు దప్పిక మందగించును. గత వేసవిలో నేను దాహము లేదుగదా యని పొలముగట్టున నిలిచి, కన్నులు తిరిగి పడిపోతిని. మనుమడు నీడకు చేర్చి, ఒడలు తడిపి విసరుటచే బ్రతికితిని. 2015 మే నెలలో ఉభయ తెలుగు రాష్ట్రములయందును వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి.

కావున దప్పికకై వేచియుండక ఉప్పు కలిపిన మజ్జిగనో తరవాణినో పలుమారు త్రాగుడు. ఎవరైన మాట తడబడి సొమ్మసిల్లినచో, నోట నీరు పోయక, ఒడలు తడిపి విసరుచు వైద్యశాలకు చేర్పుడు. పొలము పని ప్రొద్దెక్కకమునుపే ముగింపుడు. మిట్టమధ్యాహ్నము కూలివానిని ఎండకు పంపకుండుట, గ్రామపెద్దలారా, మీ చేతిలోనే యున్నది.