తాళం వేసిన ఫోను, తెలియని అప్పు

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై శాంతిశుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

పూర్వం మన పెద్దలు అప్పులను, అమానతులను ఖాతా పుస్తకంలో రాసి పెట్టెలో భద్రపరిచేవారు. పెద్దాయన కన్నుమూస్తే, తాళం పగలగొట్టి అయినా కుమారులు లెక్క చూసేవారు. నేడు ఆ లెక్క ఫోనులోకి చేరింది. ఈ తాళం సుత్తికి పగిలేది కాదు. ఆరు అంకెల పాస్‌కోడ్‌కు 10 లక్షల అమరికలు సాధ్యం. కొన్నిసార్లు తప్పు కొట్టగానే ఫోను వేచి ఉండమంటుంది. ఫోను ఆగి మళ్ళీ ఆన్ అయితే వేలిముద్ర చాలదు, అంకెలే కావాలి. దుకాణంలో రీసెట్ చేయిస్తే ఫోను పనికి వస్తుంది గాని, అందులోని లెక్క చెరిగిపోతుంది.

తాళం వేసుకోవడం తప్పు కాదు. అనుమతి లేనిదే పరుల ఇంట ప్రవేశించరాదని అన్నూర్ సూరాలో, ఇతరుల గుట్టు కూపీ లాగరాదని అల్ హుజురాత్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. భార్యాభర్తలైనా సరే, ఒకరి ఫోను మరొకరు దొంగచాటుగా తెరవడం ఈ ఆదేశాల స్ఫూర్తికి విరుద్ధం.

అయితే మరణం అనుమతి అడిగి రాదు. అప్పు మిగిల్చి మరణించిన ఒకరి జనాజాను తీసుకురాగా, దైవప్రవక్త (స) తాము నమాజు చేయించక, సహచరులను చేయమన్నారు. ఆ అప్పు తీర్చే బాధ్యతను అబూ ఖతాదా (రజి) స్వీకరించిన తరువాతే తాము చేయించారు. అప్పు సంగతి ఫోనులోనే ఉండిపోతే బాధ్యత స్వీకరించేదెవరు? అప్పు తీర్చిన తరువాతే వారసత్వ పంపకమని అన్నిసా సూరా నిర్దేశిస్తుంది. తెలియక పంచుకున్న బిడ్డల చేతిలో రుణదాత హక్కు కరిగిపోతుంది. మృతుని మెడపై భారం మిగిలిపోతుంది.

కనుక సోదరులారా! వసీయతు రాయవలసినవాడు రెండు రాత్రులు కూడా ఆలస్యం చేయరాదన్న ప్రవక్త (స) బోధను మనం పాటిద్దాం. ఎవరికి ఎంత బాకీ ఉన్నామో, ఎవరి అమానతు మన వద్ద ఉన్నదో కాగితంపై రాసి, సాక్షుల సంతకాలు తీసుకొని, ఇంట్లోవారికి దాని చోటు చెబుదాం. పాస్‌కోడ్‌ను కవరులో పెట్టి అంటించి నమ్మకస్థుని వద్ద ఉంచవచ్చు. దానిని అందుకున్నవాడు లెక్కలు మాత్రమే చూడాలి; పరుల రహస్యాలు వెతకరాదు. అదీ అమానతే.

పరుల హక్కు మన మెడపై ఉండగా మరణించే దుస్థితి నుంచి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.