సర్ఫు నీళ్లు, మన చేతులు

2008లో ఎయిర్‌పోర్టు మొదలైనప్పటి నుంచి మన శంషాబాద్ చుట్టుపక్కల ఆడవాళ్లు చాలామంది హౌస్‌కీపింగ్ పనికి పోతున్నరు. అక్కడ ఫినాయిలు, ఇంటికొస్తే సర్ఫు. చేతులు ఆరేదెప్పుడు?

మా బోరువి ఉప్పు నీళ్లు. పదో తరగతిలోపే కఠిన జలం అని చదువుకున్నం గదా, అవే. వాటిలో సున్నం ఉంటది, సబ్బు విరిగిపోతది. సర్ఫు అంత తొందరగా విరగదు. దాని రేణువు ఒక కొసతో జిడ్డును, ఇంకో కొసతో నీళ్లను పట్టుకొని మురికిని లాగేస్తది. అయితే ఆ జిడ్డు బట్టదా, మన చర్మానిదా అని దానికి తెల్వదు. చేతి మీది నూనె కూడా పోతది. అందుకే వేళ్ల సందుల్లో పగుళ్లు, దురద. నాకు రెండేండ్లు ఉండె. పైగా నురగ ఎక్కువొస్తే మురికి ఎక్కువ పోతదని ఇంకో పిడికెడు వేసేదాన్ని! నురగను చూసి మోసపోయిన. ఇప్పుడు పొడి తగ్గించిన, గ్లౌజులు వేసుకుంటున్న, పని కాంగనే మంచినీళ్లతో కడిగి కొబ్బరినూనె రాస్తున్న.

ఇంకొక్క మాట. బాత్రూం కడిగే యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడరు అస్సలు కలపొద్దు. క్లోరిన్ గ్యాసు లేస్తది. మా సంఘం చెల్లె ఒకామె తలుపేసుకొని కలిపింది. ఊపిరాడక దగ్గుకుంట బయటికి ఉరికింది. వచ్చే పొదుపు మీటింగులో ఆమెతోనే చెప్పిస్త. గ్లౌజులు ఎన్ని జతలు కావాలో ఆ రోజే రాసుకుందాం.